కాన్పై ఏడు వారాలైనా చెల్లి ఏడుపు ఆగట్లేదు, బెంగళూరులో ఎక్కడ చూపించాలి?

మారతహళ్ళిలో ఉంటాం. మొదటి రెండు వారాలు కన్నీళ్లు మామూలేనని నర్సు చెబితే సరే అనుకున్నాం, కానీ ఇప్పుడు బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, నేను మంచి తల్లిని కాను అంటూ గోడవైపు తిరిగి పడుకుంటుంది. అమ్మేమో బాలింతకు ఇవన్నీ ఉంటాయి, దిష్టి తీస్తే పోతుంది అంటోంది (మూడుసార్లు తీసింది కూడా). కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో స్కేల్ పది ప్రశ్నలు నేనే అడిగితే 30కి 14 వచ్చింది. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందా అన్నదానికి లేదంది, కానీ కాసేపు ఆగి అంది. అదే నా టెన్షన్. ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల వార్డు ఉంది కదా, నేరుగా ఓపీకి వెళ్లొచ్చా? పాలిస్తూ మందులు వాడినవాళ్లున్నారా? ఇంటికొచ్చి నిదానంగా మాట్లాడే మిడ్‌వైఫ్ ఎవరైనా, తెలుగు వస్తే మరీ మంచిది, తెలిస్తే చెప్పండి ప్లీజ్.