కొన్న అసెట్లతో (రెడీమేడ్ బొమ్మలు, చప్పుళ్లు) గేమ్ చేస్తే "అసెట్ ఫ్లిప్" అంటున్నారు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

గోళీసోడా:
పగలు ఆఫీసు, రాత్రి గేమ్. యూనిటీలో (గేములు చేసే సాఫ్ట్‌వేర్) చిన్న త్రీడీ హారర్ ఒకటి చేస్తున్నా. ఆఖరి బస్సు తప్పిపోయినవాడు చీకట్లో నాలుగు కిలోమీటర్లు నడిచి ఊరు చేరాలి, అంతే కథ. నాకు కోడింగ్ వచ్చు గానీ ఆవు బొమ్మ గీస్తే బల్లలా వస్తుంది. అందుకని చెట్లు, ఇళ్లు, చప్పుళ్లు అన్నీ కొన్నవో ఉచితంగా దొరికినవో. మొన్న డెమో వీడియో పెడితే మొదటి కామెంటే "అసెట్ ఫ్లిప్". ఎనిమిది నెలల పని. రెండు రోజులు ప్రాజెక్టు తెరవబుద్ధి కాలేదు. మీరు రెడీమేడ్‌వి వాడతారా? వాడితే ఎంతవరకు?

రెండో_షిఫ్టు:
రెడీమేడ్ ప్రాజెక్టు కొని, పేరు మార్చి అలాగే అమ్మకానికి పెడితే అది ఫ్లిప్. నువ్వు చేసింది అది కాదు. 2018లో పబ్‌జీ మీద కూడా ఇదే గోల జరిగింది, మార్కెట్‌లో కొన్నవి వాడారని. తయారుచేసినవాళ్లు దాచలేదు, అన్నీ మొదటి నుంచి మేమే చేసుకుంటూ కూర్చుంటే గేమ్ ఎప్పటికి తేలుతుంది అన్నట్టే జవాబిచ్చారు. వాంపైర్ సర్వైవర్స్ కూడా కొన్న బొమ్మలతోనే మొదలైంది, 2023లో బ్రిటన్ వాళ్ల బాఫ్టా ఉత్తమ గేమ్ అవార్డు దానికే.

కానీ ఆ కామెంట్‌ని పూర్తిగా కొట్టిపారెయ్యకు. వీడియో చూశా. ఇళ్లకి పొగగొట్టాలున్నాయి! మన వైపు ఏ పెంకుటింటికి ఉందయ్యా పొగగొట్టం? దారికి అటూ ఇటూ పైన్ చెట్లు. హీరో దిగింది ఆర్టీసీ బస్సు.

గోళీసోడా:
అది నిజమే అన్నా 😭 విలేజ్ అని వెతికితే అవే వస్తున్నాయి.

తాటిముంజ:
నేనూ ఇదే గుంటలో పడి లేచాను తమ్ముడూ. "పల్లెటూరు" ప్యాకుల్లో సగం పైగా యూరప్ మధ్యయుగం సరుకే. కొబ్బరిచెట్టు బీచ్ ప్యాకుల్లో దొరుకుతుంది గానీ తాటిచెట్టు, బోరింగ్ పంపు, రచ్చబండ నాకైతే ఎక్కడా కనబడలేదు. నేనేం చేశానంటే, ఆటగాడు ఆగి చూసేవి ఐదే ఐదు బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) సొంతంగా చేసుకున్నా: తాటిచెట్టు, బోరింగ్, ఇంటి అరుగు, వైర్లు వేలాడే కరెంటు స్తంభం, కిరాణా కొట్టు. రాళ్లు, గడ్డి, మట్టి దారి ఎవరు చేస్తే ఏంటి, వాటిని ఎవరూ ఆగి చూడరు. అవి పాలీ హేవెన్ సైట్‌లో తీసుకున్నా, అక్కడ అంతా సీసీ0 (ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే లైసెన్స్), పేరు కూడా వెయ్యక్కర్లేదు. పెంకులు, పెచ్చులూడిన సున్నం గోడ మాత్రం మా అమ్మమ్మ వాళ్లింట్లో ఫోన్‌తో ఫోటోలు తీసి టెక్స్చర్లు (మోడల్ మీద అంటించే బొమ్మలు) చేశా. మబ్బు పట్టిన రోజు తీయి, ఎండలో తీస్తే నీడలు అతుక్కుపోతాయి.

పిక్సెల్_పంతులు:
పొగగొట్టం ఒక్కటే కాదు సమస్య. ముగ్గురు ఆర్టిస్టుల సరుకు ఒకే వీధిలో పెట్టావు. ఇల్లు "లో పాలీ" (తక్కువ పలకలతో చేసిన మోటు మోడల్), చెట్టు ఫోటో స్కాన్ (నిజం చెట్టు ఫోటోల నుంచి చేసింది), బకెట్ ఇంకోటి. కంటికి అతుకు తెలిసిపోతుంది. మాది హారర్ కాదు గానీ మేం చేసింది ఇది: అన్ని టెక్స్చర్లూ 256 పిక్సెళ్లకి దించేసి, ఫిల్టర్ పాయింట్‌లో పెట్టి (పిక్సెళ్లు నునుపు కాకుండా గళ్లుగానే కనబడేలా), రంగులన్నీ ఒకే పాలెట్‌కి లాక్కొచ్చాం. పాత ప్లేస్టేషన్ లుక్ వస్తుంది. నీకు చీకటి, పొగమంచు కూడా తోడున్నాయి, సగం తప్పులు అవే మింగేస్తాయి.

ఇంకోటి, ఆ బకెట్‌కి 4కే (4096 పిక్సెళ్ల) టెక్స్చర్ ఉందేమో చూడు. కంప్రెస్ చెయ్యకపోతే అలాంటిదొక్కటే 64 ఎంబీ. బకెట్‌కి!

కొత్తవాళ్ల కోసం: ప్యాక్ దించగానే అంతా గులాబీ రంగులో కనిపిస్తే కంగారు పడకండి. అది యూనిటీ పాత రెండర్ పైప్‌లైన్ (తెర మీద బొమ్మ గీసే పద్ధతి) మెటీరియల్, మీది యూఆర్‌పీ అనే కొత్త పద్ధతి. కన్వర్టర్ యూనిటీలోనే ఉంది. మనిషి మేడంత ఉంటే స్కేల్ చూసుకోండి, అన్‌రియల్ అనే ఇంకో గేమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు, యూనిటీలో మీటరు.

చట్టం_చుట్టం:
ఎవరూ లైసెన్స్ ఊసెత్తలేదు. ఫ్రీసౌండ్ సైట్‌లో దొరికే చప్పుళ్లన్నిటికీ లైసెన్స్ ఒకటి కాదు. సీసీ0 అయితే హాయి, బీవై అయితే క్రెడిట్స్‌లో పేరు వెయ్యాలి, ఎన్‌సీ అయితే అమ్మే గేమ్‌లో పెట్టకూడదు. దించుకున్న రోజే ఎక్సెల్‌లో లింకు, లైసెన్స్, తేదీ రాసుకో. తర్వాత రాద్దామంటే అవ్వదు, అనుభవంతో చెబుతున్నా. కొన్న ప్యాక్ ఉన్న ప్రాజెక్టుని పబ్లిక్ గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనబడే సైట్) మాత్రం పెట్టకు, అసెట్ ఫైళ్లు ఊరంతా పంచినట్టే లెక్క.

మా టీమ్‌కి తగిలిన దెబ్బ: ఒక చోట కొన్న ప్యాక్‌ని ఏడాది తర్వాత తీసేశారు. అమ్మినవాడు వేరే గేమ్ నుంచి ఎత్తుకొచ్చాడట. డబ్బులు వెనక్కొచ్చాయి, 40 మోడళ్లు మార్చడానికి పోయిన నెల మాత్రం రాలేదు. అప్పట్నుంచి అమ్మేవాడి పాత సరుకు, రివ్యూలు చూడకుండా కొనట్లేదు.

కీచురాయి:
హారర్ అంటే సగం చప్పుడే కదా. ఆ తలుపు కిర్రుమనే సౌండ్ నేను కనీసం పది గేముల్లో విన్నా, నీ వీడియోలో వినగానే నవ్వొచ్చింది, సారీ. పండక్కి ఊరెళ్లినప్పుడు రాత్రి పన్నెండుకి ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి గోడమీద పెట్టి పడుకో. కప్పలు, కుక్కలు, దూరంగా లారీ హారన్, అన్నీ వస్తాయి. అది ఏ ప్యాకులోనూ రాదు.

తాటిముంజ:
ఫాంట్ సంగతి కూడా. కొట్టు బోర్డు మీద తెలుగు "స్త్రీ" విడిపోయి ఉంది, చూశావా? యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో ఒత్తులు కలపదు. బోర్డులైతే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి బొమ్మగా పెట్టెయ్. రామభద్ర, మల్లన్న, మండలి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లోనే ఉన్నాయి, గేమ్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. డైలాగులన్నీ తెలుగులో కావాలంటే గోడో 4 (యూనిటీ లాంటిదే ఇంకోటి) చూడు, అందులో ఒత్తులు సరిగ్గా పడతాయి. ఎనిమిది నెలల పని వదిలి రమ్మనను గానీ.

గోళీసోడా:
రెండు వారాల తర్వాత వచ్చా. పొగగొట్టాలు కోసేశా. పైన్ చెట్లు పోయి వేప లాంటివి వచ్చాయి (అవీ కొన్నవే). తాటిచెట్టుకి మూడు రాత్రులు పట్టింది అక్కా, బల్లలా అయితే లేదు. ఒకటే బాధ, గాలికి ఆకులతో పాటు మాను కూడా రబ్బరులా ఊగుతోంది.

పిక్సెల్_పంతులు:
వర్టెక్స్ కలర్ (మోడల్ మూలల బిందువులకి వేసే రంగు) వెయ్యి. మాను మొత్తం నలుపు, మట్టల చివర్లు తెలుపు. షేడర్‌లో (మోడల్ ఎలా కనబడాలో, ఊగాలో చెప్పే కోడ్) గాలి బలాన్ని దాంతో గుణించు, నలుపంటే సున్నా, తెలుపంటే ఒకటి.

గోళీసోడా:
ఊగడం ఆగింది 🙏 ఇప్పుడు నిజంగానే దెయ్యంలా ఉంది.