మీటర్ లైట్లు మిణుకుమంటే వెంటనే డైనమో మార్చేయాలా?

ఒంగోలు నుంచి (ప్రశ్న అడిగినవారు)

నాది పన్నెండేళ్ల పెట్రోల్ కారు. మొన్న రాత్రి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద హైదరాబాద్ వస్తుంటే మిర్యాలగూడ దాటాక మీటర్ లైట్లు మిణుకు మిణుకుమనడం మొదలైంది. ఏసీ వేస్తే ఎక్కువవుతోంది, ఇండికేటర్ వేస్తే దాని టిక్కు టిక్కుతోపాటే లైట్లూ తగ్గి పెరుగుతున్నాయి. వెనక సీట్లో అమ్మ, పిల్లలు నిద్రపోతున్నారు, బండి ఎక్కడ ఆగిపోతుందోనని నల్గొండ దాకా ఒకటే టెన్షన్. మర్నాడు షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి "డైనమో పోయింది సార్, తొమ్మిది వేలవుతుంది" అన్నారు (డైనమో అంటే ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్). వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బయటికి కూడా తీయలేదు. మార్చేయమంటారా, ఆగమంటారా?

వరంగల్ నుంచి

మార్చేయండి సార్, ఆలోచించకండి. పన్నెండేళ్లంటే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగే ఉంటాయి. నేను ఇలాగే రేపు మాపు అంటూ తిరిగితే సూర్యాపేట ఇవతల, వానలో, హెడ్‌లైట్లు గుడ్డిదీపాల్లా అయిపోయి బండి ఆగింది. వెనక లారీలు. ఆ రాత్రి ముందు తొమ్మిది వేలు నాకు లెక్క కాదు.

తెనాలి నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్)

వరంగల్ అన్న భయం నాకర్థమైంది, కానీ ఆ సలహా ఒప్పుకోను. ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, బాగున్న డైనమోలు విప్పి పక్కన పడేసిన బండ్లు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో చెప్పలేను.

ఒంగోలు సార్ రాసినదాంట్లోనే సగం జవాబుంది. ఇండికేటర్‌తోపాటు మీటర్ లైట్లు కొట్టుకుంటున్నాయంటే నేను ముందు చూసేది ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే వైరు. డైనమో తేడా అయితే సాధారణంగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెలుగు మారుతుంది. గుంతల్లో పడ్డప్పుడు మాత్రమే మిణుకుమంటే ఎక్కడో కనెక్షన్ వదులు. హెడ్‌లైట్లు నిలకడగా ఉండి మీటర్ ఒక్కటే మిణుకుమంటే మీటర్ వెనకున్న కనెక్టరో, వెలుగు తగ్గించే డిమ్మరో చూడాలి.

మల్టీమీటర్ ఐదొందల లోపే దొరుకుతుంది, కొనుక్కోండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 కిందికి జారకపోతే ఛార్జింగ్ దాదాపు బాగున్నట్టే. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ తప్పు, బల్బులు మాడతాయి.

ఇప్పుడు షెడ్డుల్లో ఎవరూ చేయని పని. ఇంజిన్ ఆన్‌లో, లైట్లు, బ్లోయర్ వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది పెయింటు లేని ఇంజిన్ ఇనుము మీద పెట్టండి. తర్వాత ఆ రెండో కొసను బాడీ మీద పెట్టండి. రెండుచోట్లా 0.2 వోల్టుల కన్నా తక్కువ రావాలి. ఎక్కువొస్తే అంత వోల్టేజీని ఆ ఎర్త్ వైరే తినేస్తోంది. అప్పుడు కొత్త డైనమో వేసినా అదే మిణుకు.

కరీంనగర్ నుంచి

ఇంత తతంగం ఎందుకు? ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకండి. బండి ఆగిపోతే డైనమో పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు. మా నాన్న కాలం నుంచి ఇదే పద్ధతి.

తెనాలి నుంచి

దండం పెడతాను, ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. డైనమో కరెంటు పుట్టిస్తుండగా బ్యాటరీని ఒక్కసారిగా విడదీస్తే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులు ఎగురుతుంది. మీ నాన్నగారి కాలంలో కార్బ్యురేటర్ బండ్లు, మాడిపోవడానికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) లేదు. ఇప్పుడు ఈసీయూ పోతే డైనమో ఖర్చుకి ఎన్నో రెట్లు.

వరంగల్ నుంచి

ఆ టెర్మినల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ తెనాలి అన్నా, వోల్టేజీ 14 చూపిస్తూనే డైనమోలో ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్ పోయి ఉండొచ్చు కదా? నా బండిలో జరిగింది అదే. మల్టీమీటర్ చూసి బాగుందన్నారు, నెల తిరక్కుండా ఆగింది.

తెనాలి నుంచి

నిజం, ఆ మాట నేను ముందే రాయాల్సింది. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లోకి (చల్లగాలి ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) మార్చి, ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ మీద చూడండి. 0.1 లోపుంటే మంచిదే, 0.5 దాటితే డయోడ్‌ని అనుమానించాలి. పొద్దున లేచేసరికి బ్యాటరీ దిగిపోతుంటే అనుమానం ఇంకా గట్టిది. అప్పుడు డైనమో విప్పాల్సిందే, నేనే విప్పమంటాను.

ఒంగోలు నుంచి

ఆదివారం మా బావమరిదితో కూర్చుని చూశాం. ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14.1. ఏసీ మోడ్‌లో 0.04. ఇంజిన్ ఇనుము మీద 0.06. బాడీ మీద పెడితే 1.1! మల్టీమీటరే తప్పేమోనని మూడుసార్లు పెట్టి చూశాం.

బ్యాటరీ తీసి ట్రే విప్పితే కింద బాడీకి బిగించిన ఎర్త్ వైరు కనపడింది. బ్యాటరీ యాసిడ్ కారి, లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే రింగు) చుట్టూ పచ్చగా పొక్కులు కట్టి, వేలితో కదిపితే తీగలు పుల్లల్లా విరిగాయి, నాలుగో ఐదో పోగులు మాత్రమే పట్టుకుని ఉన్నాయి. కొత్త వైరు, కొత్త లగ్గు వేయించి, బోల్టు కింద ఎమెరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాం. రెండొందల ఎనభై అయింది. ఇప్పుడు బాడీ మీద 0.05. ఇండికేటర్ వేసినా మీటర్ లైట్లు కదలడం లేదు.

వరంగల్ నుంచి

సంతోషం సార్. అయినా వచ్చే దూరప్రయాణం ముందు ఆ ఏసీ మోడ్ కొలత మళ్లీ ఒకసారి తీయండి, పన్నెండేళ్ల డైనమోను నేను నమ్మను.

తెనాలి నుంచి

అది మంచి మాట. ట్రే విప్పారు కాబట్టి ఆ యాసిడ్ మరకల మీద వంటసోడా కలిపిన నీళ్లు పోసి కడిగి ఆరబెట్టండి, బోల్టు మీద గ్రీజు రాయండి. వదిలేస్తే కొత్త వైరునీ అదే తినేస్తుంది.