పాప డైపర్‌లో రక్తపు చారలు, నా పాలు ఆపేయాలా?

అందరికీ నమస్కారం. మేం ఈ దేశం వచ్చి నాలుగు నెలలే అయింది. పాపకు ఐదు వారాలు, పూర్తిగా నా పాలే. వారం నుంచి మోషన్‌లో జిగురు వస్తోంది, నిన్న రెండుసార్లు సన్నగా ఎర్రటి చారలు కనిపించాయి. బాగానే తాగుతోంది, బరువు పెరుగుతోంది, సాయంత్రమైతే మాత్రం ఒకటే ఏడుపు. క్లినిక్‌లో పది నిమిషాలు చూసి "ఆవుపాల అలర్జీ అయ్యుండొచ్చు, మీరు పాల పదార్థాలు మానండి" అన్నారు. ఆ యాసలో సగమే అర్థమైంది. ఇంటి నుంచి ఫోన్‌లో అందరూ "నీ పాలు పడటం లేదు, డబ్బా పాలు పట్టు" అంటున్నారు. రాత్రంతా టెన్షన్. ఇలా అయినవాళ్లు ఉంటే చెప్పండి.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి):

ముందు మీ పాలు ఆపకండి. "పాలు పడటం లేదు" అనే మాటతోనే వస్తుంది చిక్కంతా. బాలింతకు పాలు రాకపోయినా అదే అంటాం, బిడ్డకు సరిపడకపోయినా అదే అంటాం. అది అలర్జీయే అయినా, పాపకు పడనిది మీ పాలు కాదు. మీరు తీసుకున్న పాలలోని ప్రోటీన్ కొంచెం మీ రక్తంలోకి, అక్కడి నుంచి చనుబాలలోకి చేరుతుంది, గొడవ దానితో. మామూలు డబ్బా పాలు తయారయ్యేది ఎక్కువగా ఆవుపాలతోనే. చుక్కగా అందుతున్నదాన్ని ఆపి సీసాడు పట్టినట్టవుతుంది.

లాక్టోజ్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు లాక్టోజ్ లేని పాలు తాగమని సలహా ఇస్తారు. లాక్టోజ్ పాలలోని చక్కెర, అలర్జీ ప్రోటీన్‌కు వచ్చేది. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ ప్రోటీన్ అలాగే ఉంటుంది. మీ చనుబాలలో లాక్టోజ్ మీరు ఏం తిన్నా, తినకపోయినా ఉంటుంది. గేదె పాలు, మేక పాలు కూడా ప్రత్యామ్నాయం కాదు, వాటి ప్రోటీన్లు ఆవుపాల వాటికి దగ్గరివే.

ఇప్పుడు ఆ "అయ్యుండొచ్చు" దగ్గరికి రండి. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఈ అలర్జీ నిజంగా ఉండేది 200 మందిలో ఒకరికి అటూ ఇటూగా. ఏడుపంటారా, ఏ బిడ్డకైనా ఆరో వారం దగ్గర పతాక స్థాయికి వెళ్లి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. పాలు కక్కడం, పచ్చగా మోషన్ కావడం, వీటిలో ఏ ఒక్కదాన్నీ చూసి అలర్జీ అనలేం. రక్తం మాత్రం పట్టించుకోవాల్సిందే. కానీ మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉన్నా చార కనిపిస్తుంది, ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు. మీ చనుమొన పగిలి ఉంటే పాప మింగింది మీ రక్తమే కావచ్చు. ఇవి చూశారా అని డాక్టర్‌ను అడగండి. పాప హుషారుగా ఉండి చారలు ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంటే, ఏమీ మానకుండా కొన్నాళ్లు గమనిద్దాం అనే డాక్టర్లూ ఉన్నారు.

రక్తపరీక్ష చేయించమని పట్టుబట్టకండి. పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, వాపు, వాంతులు వచ్చే రకం అలర్జీకే ఆ పరీక్ష, చర్మ పరీక్ష పనికొస్తాయి. మీ పాపది గంటలు, రోజులు గడిచాక పేగులో కనిపించే రకంలా ఉంది. దానికి ఉన్న పరీక్ష ఒక్కటే: మానడం, మళ్లీ తినడం.

ఆ "మళ్లీ తినడం" దగ్గరే నేను దెబ్బతిన్నాను. పెద్దబాబుకు ఇలాగే అయితే పాలు మానాను. భయంతో గుడ్లు, సోయా, గోధుమ, పప్పులు కూడా ఒక్కొక్కటే తీసేశాను. రెండు వారాలకు చారలు పోయాయి. ఏది మానితే పోయాయో నాకు తెలియదు, వాటంతటవే పోయాయేమో కూడా తెలియదు. భయపడి ఏదీ తిరిగి తినలేదు. ఎనిమిది నెలలు అలాగే లాగాను. జుట్టు రాలింది, బి12 అడుగంటింది. చిన్నదానికి డాక్టర్ చెప్పినట్టు పాల పదార్థాలు ఒక్కటే మూడు వారాలు మాని, మళ్లీ మొదలుపెట్టాను. ఏమీ కాలేదు! ఆ పెరుగన్నం రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

కాబట్టి మానితే పాల పదార్థాలు మాత్రమే మానండి. 2 నుంచి 4 వారాలు, సగం సగం కాకుండా పూర్తిగా. మానినన్నాళ్లూ రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి అందాలి. మాత్రలు వేసుకోవాలా అన్నది డాక్టర్‌ను అడగండి. శాకాహారులైతే బి12 సంగతి తప్పకుండా ఎత్తండి. పాలు, పెరుగు పోతే దానికి వేరే దారి దాదాపు ఉండదు, తల్లిలో తగ్గితే బిడ్డకూ తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం జవాబుల కోసం ఇక్కడ ఎదురుచూడకండి. రక్తం చారలా కాకుండా ఎక్కువగా పడినా, ఆకుపచ్చ పసరు వాంతి అయినా, 38 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకు మించి గానీ జ్వరం వచ్చినా, పాప సోలిపోయి తాగకపోయినా, ఊపిరి కష్టమైనా, మొహం వాచినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అర్ధరాత్రైనా సరే.

జవాబు (ఒక నాన్న):

పైన మేడమ్ చెప్పింది కరెక్ట్. మగవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది, లేబుళ్లు చదవడం. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే. పాలు అని రాసి ఉండకపోవచ్చు. కేసిన్, కేసినేట్, వే (whey), పాల ఘనపదార్థాలు, ఇవన్నీ పాలే. కాఫీలో కలిపే కొన్ని పొడుల మీద పాలు లేనివని ఉంటుంది, వెనక సోడియం కేసినేట్ ఉంటుంది. బ్రెడ్, బిస్కెట్, సూప్ పొడి, చిప్స్ మసాలా, అన్నీ తిప్పి చూడాల్సిందే.

భాష గురించి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. చాలా ఆసుపత్రుల్లో ఫోన్ మీద అనువదించేవాళ్లను పెడతారు. కొత్తలో నాకు నామోషీగా అనిపించి అడగలేదు, అన్నిటికీ తల ఊపి వచ్చేసేవాణ్ని. ఇంటికొచ్చాక ఆవిడ "ఏమన్నారు?" అంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. డైపర్ ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. ఎర్రటి చార ఎంత ఉందో మాటల్లో చెప్పడం ఏ భాషలోనైనా కష్టమే. తడి డైపర్లు రోజుకు ఆరు దాకా ఉన్నాయా, బరువు ఎంత పెరిగింది, రాసుకెళ్లండి.

అడిగినవారు:

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. చదువుతుంటే ఏడుపొచ్చింది. చీలిక సంగతి వాళ్లు చూడలేదు, నాకూ తెలియదు. నాకు ఎడమవైపు పగిలి ఉంది కూడా. రెండే సందేహాలు. నెయ్యి కూడా మానాలా? మానినా తగ్గకపోతే?

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి):

ఎడమవైపు పగిలిందా! అయితే ముందు అదే చెప్పండి డాక్టర్‌కు, పాలు మానే మాట తర్వాత. పాప రొమ్ము పట్టుకునే తీరు సరిగ్గా ఉందో లేదో లాక్టేషన్ కన్సల్టెంట్‌కు, అంటే పాలివ్వడంలో తల్లులకు సాయపడే నిపుణులకు, చూపించండి. పట్టు కుదిరితే పగులు దానంతటదే మానుతుంది.

నెయ్యి కూడా మానాలండీ. కాచినా, వడకట్టినా ప్రోటీన్ కొంచెం మిగులుతుంది. ఆ కొన్ని వారాలైనా పూర్తిగా మానకపోతే పరీక్షే తప్పుతుంది.

నాలుగు వారాలైనా తేడా లేకపోతే కారణం పాలు కాకపోవచ్చు. ఇంకోటి మానడం మొదలుపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తగ్గితే వారం పాటు మునుపటిలా పాలు, పెరుగు తీసుకుని చూడండి. చారలు తిరిగి వస్తే అప్పుడు అలర్జీ అని నమ్మొచ్చు, మళ్లీ మానొచ్చు. ఈ రకం చాలామంది పిల్లల్లో ఏడాది నిండేసరికి పోతుంది. ఎప్పుడైనా దద్దుర్లు, వాపు వచ్చి ఉంటే మాత్రం ఈ ప్రయత్నం ఇంట్లో చేయకూడదు. ఎప్పుడైనా పైపాలు పట్టాల్సి వస్తే, ప్రోటీన్‌ను బాగా ముక్కలు చేసిన ప్రత్యేక ఫార్ములాలు ఉంటాయి, డాక్టర్ రాసిస్తారు. మామూలు డబ్బా కొనకండి.

అడిగినవారు:

ఇప్పుడే క్లినిక్‌కు ఫోన్ చేశాను. గురువారానికి ఇచ్చారు, దుబాసీ ఉంటుందన్నారు. ఫొటోలు తీస్తున్నాను. ఇవాళ ఉదయం డైపర్ శుభ్రంగానే ఉంది. ఇంట్లోవాళ్లకు "పడటం లేదు" కాదు, "చూస్తున్నాం" అని చెప్పాను.