పాత మారుతి 800కి తాళం లేకుండా రిమోట్ స్టార్ట్, సొంతంగా చేద్దామని

విజయనగరం_800:
నాన్నగారి పాత మారుతి 800 నా దగ్గరుంది, కార్బ్యురేటర్ బండి, ఇమ్మొబిలైజర్ (సరైన తాళాన్ని గుర్తిస్తేనే ఇంజన్‌ని స్టార్ట్ అవ్వనిచ్చేది) లేదు. తాళం జేబులోంచి తీయకుండా బటన్ నొక్కితే స్టార్ట్ అవ్వాలి. ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు), రిమోట్ సిగ్నల్ అందుకునే 433 మెగాహెర్ట్జ్ రిసీవర్, నాలుగు రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) బోర్డు కొన్నాను. రిమోట్ దగ్గరుంటే ఇగ్నిషన్ ఆన్, దూరం పోతే ఆఫ్. ఇందులో తేడాలుంటే ఇప్పుడే చెప్పండి, ఇంకా వైరు కత్తిరించలేదు.

సిక్కోలు_ఆటోఎలక్ట్రికల్:
తమ్ముడూ, ముందు ఆ "దూరం పోతే ఆఫ్" తీసెయ్. రిమోట్ సెల్ వీకై సిగ్నల్ పోయిందంటే, చిలకపాలెం దగ్గర హైవే మీద లారీని దాటుతుండగా ఇంజన్ ఆగిపోతుంది. బ్రేక్ బూస్టర్ (ఇంజన్ సాయంతో బ్రేక్‌ని తేలిక చేసేది) ఉన్న బండైతే రెండు మూడు సార్లు తొక్కాక బ్రేక్ పెడల్ కూడా గట్టిపడిపోతుంది. రిమోట్ పని స్టార్ట్‌కి అనుమతి ఇవ్వడం వరకే, నడుస్తున్న ఇంజన్ జోలికి అది రాకూడదు.

ఇంకోటి, స్టీరింగ్ లాక్. అది తాళంతోనే వదులుతుంది, రిలేలతో కాదు. లాక్ పిన్ కోసేసేవాళ్లున్నారు, నేను మాత్రం ఆ పని చెయ్యను, నిన్నూ చెయ్యనివ్వను. తాళం తిప్పి ఆన్‌లో పెట్టు, స్టార్టర్ లైన్‌కి మాత్రం రిమోట్, బటన్ పెట్టు. తాళం దొంగ చేతికి చిక్కినా మామూలు పద్ధతిలో స్టార్ట్ చెయ్యలేడు.

ఈసీఈ_ఫైనలియర్:
చవక 433 రిమోట్లు చాలావరకు ప్రతిసారీ ఒకే కోడ్ పంపుతాయి, పక్కనున్నవాడు దాన్ని ఒక్కసారి రికార్డు చేసుకుని మళ్లీ వదిలితే చాలు. ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్ తీసుకోండి, హెచ్‌సీఎస్301 చిప్ ఉన్నవి దొరుకుతాయి. మీ బోర్డు మీదుండే ఆ నీలం రిలేలు 10 యాంపులవి, స్టార్టర్ లైన్‌కి చాలవు. కార్లలో వాడే 12 వోల్టుల 40 యాంపుల రిలే వేసి, రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చేది), బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. నానోకి బ్యాటరీ లైన్ నేరుగా ఇవ్వొద్దు, ఇంజన్ నడిచేటప్పుడు 14 వోల్టుల దాకా ఉంటుంది, పైగా స్పైకులు (ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజి). మధ్యలో కార్లకు పనికొచ్చే మంచి 5 వోల్టుల కన్వర్టర్ ఉండాలి.

విజయనగరం_800:
అన్నా, తాళం ఉండాల్సిందే అంటే కొంచెం బాధగానే ఉంది, కానీ మీరు చెప్పింది అర్థమైంది. బండి రెండేసి వారాలు కదలదు, బోర్డు బ్యాటరీని తినేస్తుందా?

సిక్కోలు_ఆటోఎలక్ట్రికల్:
నానో ఊరికే ఉన్నా 20 మిల్లీయాంపుల దాకా లాగుతుంది, అంటే రోజుకి అర యాంపియర్-అవర్. రెండు వారాలకి 7, నీది 35 యాంపియర్-అవర్ బ్యాటరీ అయితే ఐదో వంతు పోయినట్టే. తాళం ఎలాగూ తిప్పుతున్నావు కాబట్టి బోర్డుకి కరెంటు ఇగ్నిషన్ ఆన్ లైన్ నుంచే తీసుకో, ఆ గొడవే ఉండదు. క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్ పెట్టి స్టార్టర్ రిలే కాయిల్‌కి సిరీస్‌లో వెయ్. గేర్‌లో ఉండగా స్టార్టర్ తిరిగితే బండి ముందుకి దూకుతుంది, దాన్ని ప్రోగ్రామ్‌కి వదిలెయ్యకు.