కూరస్ వెళ్లడం ఊరు చూడటమా, ముస్తాబు చూడటమా?

లీత్ గట్టు:
ఎడిన్‌బరోలో ఉంటున్నాను. జూన్‌లో అమ్మా నాన్నా వస్తున్నారు. కోట, రాజవీధి, ఫోర్త్ వంతెన పోను ఒక రోజు మిగులుతోంది. ఆ రోజు ఇక్కడికి ఉత్తరాన ఫైఫ్ ప్రాంతపు తీరాన ఉన్న కూరస్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాలని నా ఆలోచన. (స్పెల్లింగ్ చూసి కల్‌రాస్ అని చదువుకుంటాం కానీ బస్సులో కూరస్ అనే అడగాలి.) పదహారు, పదిహేడు శతాబ్దాల నాటి ఇళ్లు, ఎర్ర పెంకుల కప్పులు, రాళ్లు పరిచిన ఇరుకు సందులు, గుట్ట మీద 1217లో స్థాపించిన మఠం శిథిలాలు. అన్నీ ఒక పూటలో తీరిగ్గా చూడవచ్చు.

నాతో ఉండే స్నేహితుడు ఒప్పుకోవడం లేదు. "అది ఊరు కాదు, రంగులేసి నిలబెట్టిన సెట్టు. పెద్దవాళ్లు అంత దూరం నుంచి వస్తే లాక్ నెస్ సరస్సు చూపించకుండా పసుపు గోడలు చూపిస్తావా?" అంటున్నాడు. ఇక్కడివారు ఏమంటారు?

ప్రయాణాల పిచ్చి:
మీ స్నేహితుడి పక్షమే నేను. కూరస్ నేను చూశాను, చాలా అందంగా ఉంది, నా అభ్యంతరం ఆ అందం మీదే. ఆ ఊరిలో అందరూ చూడటానికి వచ్చే పసుపు మేడ ఒకటుంది. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ 1932లో దాన్ని 700 పౌండ్లకు కొన్నది. ఆ తరువాత దశాబ్దాల తరబడి ఒక్కొక్క ఇల్లూ కొని, బాగుచేసి, సున్నం కొట్టి నిలబెట్టారు. ఇప్పుడు పదిహేడో శతాబ్దం కావలసిన టీవీవాళ్లందరూ అక్కడికే వస్తున్నారు, వాళ్ల వెనక అభిమానులు వస్తున్నారు. ఎక్కడ నిలబడి ఫొటో తీసినా పోస్టుకార్డే. నిజమైన ఊరిలో ఒక్క వికారమైన గోడ అయినా ఉండాలి కదా?

పైగా, స్కాట్లాండ్ అంటే కొండలు. గ్లెన్‌కో లోయలోకి బస్సు దిగుతుంటే కలిగే అనుభూతి ఏ పాత సందులోనూ రాదు. అమ్మానాన్నలు మళ్లీ వస్తారో రారో. గ్లెన్‌కో, లాక్ నెస్ కలిపి చూపించే బస్సు ఎక్కించండి.

ఫైఫ్ వాసి:
ఆ బస్సు ఉదయం ఎనిమిదికి బయలుదేరితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అరవై దాటినవారికి అందులో ముప్పాతిక భాగం సీటులో కూర్చోవడమే. లాక్ నెస్ దగ్గర దొరికే సమయంలో పడవ ఎక్కుతారో భోజనం చేస్తారో తేల్చుకోవాలి. ఇది ముందు చెప్పవలసిన మాట.

ఇక "సెట్టు" అన్న మాటకు వస్తాను. నేను ఫైఫ్‌లోనే ఉద్యోగం చేస్తాను, కూరస్‌లో తెలిసినవారు ఉన్నారు. అక్కడ జనం కాపురం ఉంటున్నారు. మంగళవారం చెత్తబుట్టలు బయట పెడతారు, పార్కింగ్ కోసం పోట్లాడుకుంటారు. వాళ్ల గొడవల్లా కిటికీలోంచి లోపలికి తొంగిచూసే పర్యాటకులతోనే. సెట్టు అనే భావన వాళ్లకు ఆ నష్టం చేస్తోంది: లోపల మనుషులు ఉంటారని చూసేవారికి తోచడం లేదు.

ట్రస్ట్ కొనకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించండి. ఆ ఇళ్లు అప్పటికి కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. 1960లో ట్రస్ట్ ఒక పద్ధతి మొదలుపెట్టింది. పాడుబడిన చిన్న ఇంటిని కొనడం, బాగుచేయడం, రూపం మార్చకూడదన్న షరతుతో అమ్మేయడం, వచ్చిన డబ్బుతో ఇంకో ఇల్లు కొనడం. ఇళ్లు మ్యూజియంలో పెట్టలేదు, మళ్లీ కాపురాలకే ఇచ్చారు. వికారమైన గోడే కావాలంటే సముద్రం వైపు చూడండి, ఫోర్త్ అనే ఆ సముద్రపు పాయ అవతలి ఒడ్డున, 2025లో పని ఆపేసిన గ్రేంజ్‌మౌత్ చమురు శుద్ధి కేంద్రం ఉంది.

ప్రయాణాల పిచ్చి:
ఆ చివరి మాటకు నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ "రూపం మార్చకూడదన్న షరతు" అని మీరే అన్నారు. ఏ రూపం? ఎవరో ఒక సంవత్సరాన్ని ఎంచుకుని, అక్కడితో ఊరిని ఆపేశారు. ఆ తరువాత మూడు వందల ఏళ్లు ఏమీ జరగనట్టు.

గోదావరిఖని:
కొంచెం పొడుగ్గా రాస్తాను, మన్నించండి. మా నాన్నగారు సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేశారు, కనుక కూరస్‌లో నాకు రంగు గోడల కంటే ముందు బొగ్గు కనిపించింది. ఆ ఊరు బొగ్గు మీద లేచిన ఊరు.

ఆ పసుపు మేడను "ప్యాలెస్" అంటారు కానీ అందులో ఏ రాజూ కాపురం లేడు. అది జార్జ్ బ్రూస్ అనే బొగ్గు, ఉప్పు వ్యాపారి ఇల్లు. 1575లో మఠంవారి పాడుబడిన గనిని అతడు కౌలుకు తీసుకున్నాడు. బొగ్గు పొర సముద్రం కిందికి పోతోంది. ఒడ్డు నుంచి తవ్వుకుంటూ పోతే గాలి చాలదు, నీళ్లు తోడలేరు. అందుకని పోటు వచ్చినప్పుడు నీళ్లు చుట్టుముట్టే చోట రాళ్లతో గుండ్రని గోడ కట్టి, చిన్న దీవిలాంటిది లేపి, దాని నడుమ నుంచి గొయ్యి దింపాడు. ఒడ్డున గుర్రాలు తిప్పే చక్రానికి గొలుసు, ఆ గొలుసుకు 36 బకెట్లు, వాటితో నీళ్లు తోడేవారు. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట ఇది. బొగ్గు ఆ దీవి దగ్గరే ఓడలకు ఎక్కేది. 1617లో ఆరవ జేమ్స్ రాజు చూడటానికి వచ్చి, ఒడ్డున గనిలోకి దిగి, సముద్రం మధ్య పైకి తేలి, చుట్టూ నీళ్లు చూసి "ద్రోహం!" అని అరిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రూస్ పక్కనే సిద్ధంగా ఉన్న పడవ చూపించాడట. 1625 తుఫానులో గని మునిగింది. అదే ఏడు బ్రూస్ పోయాడు.

అందరికీ చెప్పే కథ ఇంతవరకే. ఆ మేడను 1597కూ 1611కూ మధ్య కట్టారు. సరిగ్గా ఆ మధ్యలో, 1606లో, స్కాట్లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. బొగ్గు గని పనివాడు గానీ, ఉప్పు మడుల పనివాడు గానీ యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరి దగ్గర పనికి పోకూడదు. పోతే ఏడాది ఒక రోజు లోపల పాత యజమాని వెనక్కు లాక్కోవచ్చు. అలా వెళ్లినవాడు దొంగ కింద లెక్క. దొంగిలించినది తన ఒంటినే! ఈ కట్టు 1775లో కొంత సడలింది, పూర్తిగా తెగింది 1799లో.

మేడలో చెక్క పైకప్పుల మీద రంగుల బొమ్మలు, నీతి వాక్యాలు ఉంటాయి. తలెత్తి చూడండి, చాలా బాగుంటాయి. మఠం చర్చిలో బ్రూస్ దంపతుల పాలరాతి సమాధి ఉంది, ముందు ఎనిమిది మంది పిల్లలు మోకరిల్లి ఉంటారు. గనిలోకి దిగినవాళ్ల పేర్లు మాత్రం అక్కడ వెతకకండి.

ఒక మాట ప్రయాణాల పిచ్చి గారి పక్షాన. పాత సందుల్లో నడుమ రాళ్లు కొంచెం ఎత్తుగా పరిచి ఉంటాయి. పెద్దమనుషులు బురద అంటకుండా దాని మీద నడిచేవారట, మిగతా జనం పక్కనున్న పల్లంలో. ఎవరు ఏ వీధిలో చెప్పులు విప్పి నడవాలో నియమాలున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. "ఎంత ముచ్చటగా ఉందో" అని ఫొటో తీసుకుని రావడం నాకు చేతకాలేదు.

చినగంజాం:
ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదని చూస్తున్నాను. మాది కొటార్ల ఊరు. మా దగ్గర మడిలోకి నీళ్లు పెడితే మిగతా పని ఎండ చూసుకుంటుంది. అక్కడ ఎండ ఏది? ఇనుప పెనాల్లో సముద్రపు నీళ్లు పోసి, కింద బొగ్గు మండించి మరగబెట్టేవారు. చేతికి వచ్చే ఉప్పు కంటే ఎన్నో రెట్లు బొగ్గు తగలబడేది. ఓడకు ఎక్కించడానికి పనికిరాని నాసిరకం పొడి బొగ్గును ఇలా ఉప్పుగా మార్చి అమ్ముకున్నారు. అందుకే ఆ తీరంలో బొగ్గు ఉన్నచోటే ఉప్పు కూడా.

ఇంకొకటి. ఆ ఎర్ర పెంకులు మొదట హాలెండ్ వైపు నుంచి వచ్చాయంటారు. ఉప్పు, బొగ్గు దింపి వచ్చే ఓడలు ఖాళీగా ఊగకుండా బరువు కోసం పెంకులు వేసుకునేవి. ఇళ్ల కప్పులకు ఆ ఎరుపు అలా వచ్చింది.

ప్రయాణాల పిచ్చి:
మీరిద్దరూ రాసినది ఆసక్తిగా చదివాను. కానీ నా వాదనకే బలం ఇచ్చారు. ఈ చట్టం, ఈ కట్టుబానిసత్వం, ఈ పొగ, వీటిలో ఒక్కటైనా అక్కడ కంటికి కనిపిస్తుందా? కనిపించేది మూలికల తోట, అందులో తిరిగే పొట్టి కాళ్ల కోళ్లు, టీ దుకాణం. లీత్ గట్టు గారి అమ్మగారు చూసేది అదే. చదువుకుని వెళ్లినవాడికి తప్ప మిగతావారికి అది ముస్తాబే.

గోదావరిఖని:
ఈ ప్రశ్నకు నా జవాబు ఒకటే: ఊరిలో ఆగిపోకండి, బయటకు నడవండి. మీరు అడిగిన ఆ తరువాతి మూడు వందల ఏళ్లు ఊరి చుట్టూ ఉన్నాయి.

తూర్పుగా తీరబాట పట్టుకుంటే ప్రెస్టన్ ఐలండ్ వస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్‌గా సొమ్ము గడించిన సర్ రాబర్ట్ ప్రెస్టన్ 1800 ప్రాంతంలో అక్కడ గనులు, ఉప్పు పెనాల ఇళ్లు కట్టించాడు. మన వైపు వర్తకపు డబ్బు ఎక్కడెక్కడ గోడలై లేచిందో చూడాలంటే అదొక చోటు. 1811లో గనిలో పేలుడు జరిగి ఆ వ్యాపారం చెడింది. నల్లబడిన రాతి గోడలు గడ్డిలో ఇంకా నిలబడి ఉన్నాయి, వాటికి ఎవరూ పసుపు పూయలేదు. అది ఇప్పుడు దీవి కూడా కాదు. పడమరన ఉండిన లాంగానెట్ విద్యుత్ కేంద్రం బూడిదను అక్కడ పోసి పోసి ఒడ్డుకు కలిపేశారు. మీరు నడిచే నేల బొగ్గు బూడిద.

దాని పైనే వ్యాలీఫీల్డ్. 1939 అక్టోబరు 28న అక్కడి గనిలో పేలుడులో 35 మంది పోయారు. కూరస్‌కు వచ్చే పర్యాటకులలో ఆ ఊరిలో ఆగేవారిని నేను చూడలేదు. లాంగానెట్ 2016లో మూతపడింది, స్కాట్లాండ్‌లో బొగ్గుతో నడిచిన చివరి విద్యుత్ కేంద్రం అదే. 183 మీటర్ల దాని పొగగొట్టాన్ని 2021 డిసెంబరులో పేల్చి పడగొట్టారు. సముద్రం కింద బొగ్గు తీయడం మొదలైన చోటూ, బొగ్గు మండించడం ఆగిపోయిన చోటూ ఒకదానికొకటి కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. లాక్ నెస్ ఒడ్డున నిలబడి ఇలాంటిది చూపించండి, నేను మీ బస్సు ఎక్కుతాను.

ఫైఫ్ వాసి:
పడమర వైపు కూడా చెప్పాలి. కిన్‌కార్డిన్ దగ్గరి డెవిల్లా అడవిలో ఒక చిన్న రాతి సమాధి ఉంది. 1645 సెప్టెంబరులో ఒకే రోజున ప్లేగుతో పోయిన ముగ్గురు పిల్లలది. అంటు భయంతో చర్చి నేలలో కాకుండా అడవిలో పూడ్చారు. అదే అడవిలో ఎర్ర ఉడుతలు కూడా ఉన్నాయి, ఓపిక ఉంటే కనిపిస్తాయి.

కూరస్ ఊరిలోనే ఉన్న టౌన్ హౌస్ (పాత పురపాలక భవనం) పై అంతస్తులో మంత్రగత్తెలని ముద్రపడిన ఆడవాళ్లను బంధించేవారు. తూర్పున టోరీబర్న్‌లో లిలియస్ ఏడీ అనే ముసలామె 1704లో ఖైదులోనే చనిపోతే, పోటుకూ పాటుకూ మధ్య బురదలో పూడ్చి, లేచి రాకుండా పెద్ద రాతిపలక పెట్టారు.

నడక గురించి ఒక సంగతి. 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో పొలాల మీదుగా, అడవుల మీదుగా బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. అయితే ఇంటి తోటలోకి వెళ్లే హక్కు కాదు అది. పైరు ఉన్న చేలో గట్టు పట్టుకునే నడవాలి. గేటు మీరు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే వదలాలి. కూరస్‌లో కిటికీల్లోకి తొంగిచూసేవారు ఆ పక్క పొలంలోకి అడుగు పెట్టడానికి భయపడతారు. హక్కు ఉన్నచోట బెదురు, లేనిచోట చొరవ!

లీత్ గట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఇందులో సగం నాకూ తెలియదు. అమ్మకు మోకాళ్ల నొప్పి. మఠం దాకా ఎక్కగలదా? నాన్న మాత్రం ఇవి చదివి వినిపించగానే సముద్రంలో ఆ గని గోడ కనిపిస్తుందా అని అడుగుతున్నారు.

ఫైఫ్ వాసి:
మఠం సందు నిటారుగా ఉంటుంది, రాళ్లు ఎగుడుదిగుడు, వాన పడితే జారుతాయి. అమ్మగారిని ఎక్కించకండి. కింద మేడ, దాని వెనుక తోట కొంతవరకు, కూడలి, తీరం చాలు. మేడకు టికెట్ ఉంటుంది, తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారుతాయి, ముందే చూసుకోండి. ఎడిన్‌బరో నుంచి డన్‌ఫర్మ్‌లిన్‌కు రైలు, అక్కడి నుంచి బస్సు. రైలు 1890 నాటి ఫోర్త్ వంతెన మీదుగానే పోతుంది కాబట్టి వంతెనకు వేరే పూట పెట్టుకోనక్కరలేదు.

గని అవశేషాలు పాటు బాగా తీసినప్పుడు ఒడ్డు నుంచి కనిపిస్తాయి. అక్కడి దాకా నడవాలని చూడవద్దు. ఆ బురద దిగబడుతుంది, పోటు తొందరగా వస్తుంది.

ప్రయాణాల పిచ్చి:
నా అభిప్రాయం మారలేదు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి రాళ్ల బాటల ఊరు కంటే బస్సు సీటే సుఖం. కాకపోతే వంతెనకు పెట్టుకున్న పూట ఇప్పుడు మిగిలింది కదా. దానికి ఇంకో పూట కలిపి ఆ రోజున అమ్మగారిని గ్లెన్‌కోకు తీసుకెళ్లండి. నాన్నగారిని గోదావరిఖని గారికి అప్పగించండి.

గోదావరిఖని:
నేను లండన్‌లో ఉంటాను, జూన్‌లో సెలవు దొరికితే తప్పకుండా వస్తాను. లీత్ గట్టు గారూ, రోజు ఖాయం చేసే ముందు పోటుపాట్ల పట్టిక చూడండి. మధ్యాహ్నం పాటు తీసే రోజైతే మంచిది.