పుట్టుచెవుడుకి మేనరికమే కారణమా?

రాజాం రమణి:
మా ఆడపడుచు కూతురికి బెరా టెస్టులో (శబ్దానికి వినికిడి నరం స్పందిస్తోందా అని చూసే పరీక్ష) రెండు చెవులూ వినబడవని తేలింది. వాళ్ళది మేనరికం. జీన్ టెస్టులో జీజేబీ2 అనే జీనులో డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు ఉందని వచ్చింది. మీ వైపు నుంచంటే మీ వైపు నుంచని ఇంట్లో ఒకటే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి:
మేనరికాన్ని ఆడిపోసుకోవడం ఫ్యాషనైపోయింది. యూరప్‌లో మేనరికాలున్నాయా? అక్కడా ఇదే జీను, కాకపోతే 35డెల్‌జీ అనే మార్పు ఎక్కువ. జపాన్, చైనాల్లో 235డెల్‌సీ, అష్కెనాజీ యూదుల్లో 167డెల్‌టీ. మన డబ్ల్యూ24ఎక్స్ యూరప్‌లోని రోమా (జిప్సీ) జనంలోనూ ఉంది, వాళ్ళ పూర్వీకులు ఇటునుంచి వెళ్ళినవాళ్ళే మరి. మధ్యలో మేనమామ ఏం చేశాడు?

టెక్కలి తమ్ముడు:
కట్నం మిగిల్చాడు :)

బొబ్బిలి కోడలు:
మార్పు ఎక్కడ పుట్టిందన్నది వేరు, ఒకే బిడ్డలోకి రెండుసార్లు ఎలా వచ్చిందన్నది వేరు. లోపలి చెవిలో కణాల మధ్య పొటాషియం పోయే దారులు కట్టేది కనెక్సిన్ 26 అనే ప్రొటీను, దాని జీనే ఇది. అమ్మ ఇచ్చిందీ నాన్న ఇచ్చిందీ రెండూ పాడైతేనే ఈ చెవుడు. ఒకటి బాగుంటే వినబడుతుంది, అందుకే పాడైనది ఒక్కటే మోసేవాళ్ళకి తెలియదు. అలాంటి ఇద్దరు కలిస్తే ప్రతి కాన్పుకీ 25 శాతం. ఒకే తాత మనవలైతే ఆ కలయికకి అవకాశం పెరగదా?

నాగావళి:
యూరప్ సంగతి చెప్పండి ముందు.

బొబ్బిలి కోడలు:
అక్కడ మోసేవాళ్ళే ఎక్కువమంది, బయటి సంబంధం చేసుకున్నా కలుస్తుంది.

చీపురుపల్లి బాబాయ్:
మావాడికి శుభ్రంగా వినబడేది. జ్వరానికి ఏవో ఇంజెక్షన్లు పొడిచాక పోయింది. జీన్లూ గీన్లూ నేను నమ్మను.

బొబ్బిలి కోడలు:
జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏమో బాబాయ్. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ స్థానం దగ్గర మార్పు ఉన్నవాళ్ళకి మామూలు డోసుకే చెవులు పోవచ్చు. తల్లి నుంచి వస్తుంది, పిన్నిగారి అక్కచెల్లెళ్ళ పిల్లల విషయంలో డాక్టరుకి ముందే చెప్పాలి.

చీపురుపల్లి బాబాయ్:
మళ్ళీ తల్లి మీదకే తెచ్చారు.

నాగావళి:
చదువుకున్న కోడళ్ళు ఇళ్ళు విడగొట్టేది ఇలాగే.

బొబ్బిలి కోడలు:
మా ఇద్దరి రిపోర్టులూ టేబుల్ మీదుండగానే "నీ కడుపే మంచిది కాదు" అనిపించుకున్నదాన్నండీ నేను. ఇళ్ళు విడగొట్టడం గురించి నాకు చెప్పకండి. అసలు మీకెందుకంత ఉక్రోషం?

నాగావళి:
మా చెల్లి పెద్దకొడుక్కి పుట్టుచెవుడు. రెండోవాడికి మా అమ్మాయిని ఇస్తున్నాం. ఇప్పుడు టెస్టు అంటే చెల్లి నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?

బొబ్బిలి కోడలు:
పెద్దబ్బాయిది ఇలాంటిదే అయితే, వినబడుతున్నా సరే రెండోవాడు మోసే అవకాశం మూడింట రెండు వంతులు. మీ అమ్మాయికి నాలుగో వంతు. ముందు పెద్దవాడి రక్తం, అందులో దొరికితే వీళ్ళిద్దరిదీ చూస్తారు.

నాగావళి:
ఉందని తేలితే? పెళ్ళి ఆగిపోయిన పిల్లని ఎవరు చేసుకుంటారు?

బొబ్బిలి కోడలు:
ఆపమన్నానా? తెలిసుంటే బిడ్డ పుట్టిన నెలలోనే వినికిడి పరీక్ష చేయిస్తారు, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) తొందరగా పెట్టిస్తారు, మాటలొస్తాయి. మావాడికి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం.

నాగావళి:
మీకేం, ఎన్నైనా చెబుతారు. శుభలేఖలు ప్రెస్సుకిచ్చేశాం.

రాజాం రమణి:
ఇద్దరి వైపు నుంచీ చెరొకటని మా అత్తగారికి చదివి వినిపించాను. "అయితే వాళ్ళది కాస్త పెద్దదై ఉంటుంది" అంటున్నారు.