రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపవచ్చా?

పొదలకూరు తండ్రి:
మా అమ్మాయి నెల్లూరులోని ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ పూర్తి చేసింది. పీజీలో చేరడానికి పది, ఇంటర్ ఒరిజినల్స్ అడిగితే, ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ రాలేదు కనుక ఆ సొమ్ము మమ్మల్నే కట్టమన్నారు. బీరువాలోంచి తీసిన కవరు మీద ఎర్ర సిరాతో బకాయి మొత్తం రాసి ఉంది. దాన్ని మాకు చూపించి మళ్లీ లోపల పెట్టేశారు. చేరేటప్పుడు రూపాయి కట్టనక్కరలేదని చెప్పింది వారే. ఇక ఎవరి మాట నమ్మాలి?

కావలి అధ్యాపకుడు:
మీ బాధ అర్థమైంది. అయితే ప్రభుత్వం ఇవ్వకపోతే మేమే చెల్లిస్తామని హామీపత్రం మీద సంతకం పెట్టారా, లేదా? 2021 నుంచి కొంతకాలం ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు. మా దగ్గర కొందరు దాన్ని సొంతానికి వాడుకొని, ఆ తరువాత ఫోను కూడా ఎత్తలేదు. సర్టిఫికెట్లు తప్ప యాజమాన్యం చేతిలో ఇంకేముంది?

సింగరాయకొండ విద్యార్థి:
మా అందరి చేతా సంతకం పెట్టించారు, చదివే వ్యవధి మాత్రం ఇవ్వలేదు.

ఒంగోలు న్యాయవాది:
ఒరిజినల్స్‌ను విద్యార్థి ఎదుటే పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, వాటిని సంస్థ దగ్గర ఉంచుకోరాదని ఉన్నత విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. బకాయి ఉంటే వసూలుకు వేరే మార్గాలు ఉన్నాయి.

కావలి అధ్యాపకుడు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. సంతకం ఉందా, లేదా? యూజీసీ అప్పుడు ప్రధానంగా చూసింది ఫీజు కట్టి మధ్యలో మానేసిన వారి సంగతి. ఏమీ కట్టకుండా చదివిన వారి విషయం వేరు.

పొదలకూరు తండ్రి:
ఉందండీ, సంతకం ఉంది. పదేపదే అదే అడుగుతూ మమ్మల్ని ఎగవేతదారులుగా నిలబెడుతున్నారు. మా ఖాతాలో ఒక్క విడత పడి మేము కట్టకపోయి ఉంటే ఈ మాట పడేవాళ్లం. మూడేళ్లు క్లాసు మానకుండా హాజరు కోసం వేలిముద్ర వేసిన పిల్ల మీద కూడా మీకు నమ్మకం లేకపోతే, మీరు చెప్పిన చదువును మేము ఎలా నమ్మాలి?

కావలి అధ్యాపకుడు:
నన్ను అనడం సులువు. బకాయిలు రాలేదన్న కారణంతో దసరా నుంచి నాకు జీతం లేదు, అయినా పాఠం ఆపలేదు. ప్రభుత్వాన్ని నమ్మి పిల్లల్ని చేర్చుకున్నాం. అది ఆలస్యం చేస్తే నష్టం మేమే భరించాలా?

పొదలకూరు తండ్రి:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీకు బాకీ పడింది ప్రభుత్వం, తాకట్టులో ఉన్నది మా అమ్మాయి కాగితాలు. మీ జీతం కోసం కలిసి కలెక్టరేటుకు వెళదామంటే నేను ముందు నిలబడతాను, కానీ ఆమె పీజీ సీటు పోవడానికి మాత్రం ఒప్పుకోను.

ఒంగోలు న్యాయవాది:
2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన అప్పీళ్లు వినే అధికారి, అంటే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. ముందు కళాశాలకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతిని నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి పంపండి.

కావలి అధ్యాపకుడు:
ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. అయితే ఆ అర్జీలో ప్రభుత్వ బకాయి సంగతి కూడా రాయండి. అది రాయకపోతే, వచ్చే ఏడు ఇంకో తండ్రి ఇదే ప్రశ్నతో ఇక్కడికి వస్తాడు.